ముందు ఓనర్లు మార్చేసిన 1991 మియాటా: ఏది బయటిదో ఎలా పోల్చుకోవాలి, దేనితో మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 1991 మాజ్దా మియాటా, 1.6 లీటర్ల ఇంజన్, మాన్యువల్ గేర్లు. ఒరెగాన్‌లో కొని శాక్రమెంటో తెచ్చుకున్నారు, మీరు నాలుగో ఓనరు. కారు బాగా కిందికి దిగి ఉంది. ఫిల్టర్ డబ్బా స్థానంలో శంకు ఆకారపు ఫిల్టర్ ఉంది. స్టీరింగ్ చక్రం వేరేది. సైలెన్సర్ మోత వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజన్ తిరిగే వేగం, అంటే ఐడిల్, నిమిషానికి 1,000కీ 2,000 చుట్లకీ మధ్య ఊగుతోంది. ఒక హెడ్‌లైట్ పైకి లేవడం లేదు. రిజిస్ట్రేషన్ కోసం స్మాగ్ పరీక్ష (కారు వదిలే పొగ తనిఖీ) చేయించాలి. కంపెనీ నుంచి వచ్చినట్టు చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. మొదట వైరింగ్, తర్వాత ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి, తర్వాత టైమింగ్ (స్పార్క్ పడే క్షణం), క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే పార్టు). అక్కడితో స్మాగ్ పరీక్ష ముగించుకోండి. ఎయిర్‌బ్యాగ్ సంగతి ఆ వెంటనే. సస్పెన్షన్, చక్రాలు, అందచందాలు అన్నిటికన్నా చివర. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేది కాబట్టి ముందు స్ప్రింగులు మార్చి, డబ్బులన్నీ అక్కడే అయిపోయాక, స్టార్ట్ కాని కారు పక్కన నిలబడి ఫోన్ చేస్తారు.

ఇంకో మాట. బోల్టుతో బిగించినది బోల్టు విప్పితే పోతుంది, అది పని కిందే లెక్క కాదు. ఆ పార్టును బిగించడానికి కంపెనీ వైరును ఎక్కడ కోశారు, రేకుకు ఎక్కడ తూటు పెట్టారు, ఏ బ్రాకెట్‌ను రంపంతో తెగ్గోశారు అన్నదే అసలు పని. అందుకని జాబితా రాసుకునేటప్పుడు "ఏ పార్టులు బయటివి" అని ఒక వరస, "ఎక్కడ కోత పడింది" అని ఇంకో వరస రాసుకోండి. రెండో వరస పొడుగును బట్టే మీ ఖర్చు తేలుతుంది.

నేను పెరిగింది విజయవాడ ఆటోనగర్‌లో, మా నాన్న షెడ్డులో. ఇప్పుడు బే ఏరియాలో పాత జపాన్ కార్లు బాగుచేస్తుంటాను. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించిన ఈ తరం మియాటాలు నా దగ్గరికి ఎక్కువగానే వస్తాయి. వాటిలో ఎవరూ చెయ్యి పెట్టనిది అరుదు.

పోల్చుకోవడం ఎలా

బానెట్ ఎత్తగానే పార్టులు చూడకండి, బోల్టు తలలు చూడండి. ఈ కారులో మాజ్దా వాడిన బోల్టు తలలు దాదాపుగా 10, 12, 14, 17 మి.మీ.లే. 13 మి.మీ. పానా సరిగ్గా పట్టిందంటే ఆ బోల్టు హిరోషిమాలోని మాజ్దా ఫ్యాక్టరీ నుంచి రాలేదని అనుకోవచ్చు. అంగుళాల పానా పట్టిందంటే ఇక అనుమానమే అక్కర్లేదు. నేను ఏ కారైనా మొదట ఇలాగే చూస్తాను. పది నిమిషాల్లో ఎవరెవరు ఎక్కడ చెయ్యి పెట్టారో ఒక పటం తయారవుతుంది. ఫెండర్ బోల్టులు, బానెట్ కీళ్ల బోల్టులు కారు రంగులోనే ఉండాలి. వాటి అంచుల్లో రంగు చిట్లి లోహం కనిపిస్తే ఆ రేకు ఒకసారి ఊడి మళ్లీ ఎక్కిందని అర్థం.

వైర్ల సంగతీ అంతే. కంపెనీ వైర్లలో చాలావాటికి ఒక రంగు మీద ఇంకో రంగు సన్న గీత ఉంటుంది, కట్టకు చుట్టిన టేపు మెరవదు. గీత లేని ఒకే రంగు లావు వైరు, మెరిసే టేపు, దాని అంచున కారిన జిగురు, నీలం లేదా ఎరుపు ప్లాస్టిక్ క్రింపులు (వైర్లు కలిపే నొక్కుడు గొట్టాలు) కనిపిస్తే అవి చాలావరకు బయటివే. ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడలో కంపెనీ పెట్టిన ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రామెట్ (అంచుకు తొడిగే ఉంగరం) ఉంటుంది. అంచు గరుకుగా ఉండి, చుట్టూ తుప్పు పట్టి, వైరు నేరుగా రేకుకు రాసుకుంటూ పోతుంటే అది డ్రిల్లు పని.

విన్ నంబరులో (కారు గుర్తింపు సంఖ్యలో) పదో అక్షరం చూడండి. ఎమ్ అయితే 1991, ఎల్ అయితే 1990. ఇంజన్ బ్లాక్ మీద నంబరు బీ6తో మొదలైతే 1.6 లీటర్ల అసలుదే, బీపీ అని ఉంటే ఎవరో 1.8 ఇంజన్ దింపారు. అలా దింపి ఉంటే ఈ సమాధానం సగం పనికిరాదు. కాలిఫోర్నియాలో దాన్ని స్మాగ్ రెఫరీ (ఇలా మార్చిన కార్లను తనిఖీ చేసే అధికారిక కేంద్రం) దగ్గరికి తీసుకెళ్లాల్సి వస్తుంది.

అయితే కొత్తగా కనిపించినదల్లా బయటిదని తేల్చేయకండి. 1993 లిమిటెడ్ ఎడిషన్‌కు బీబీఎస్ చక్రాలు కంపెనీవే. 1994 నుంచి వచ్చిన ఆర్ ప్యాకేజీకి బిల్‌స్టీన్ షాక్ అబ్జార్బర్లు కంపెనీవే. మీది 1991 కాబట్టి, ముదురు ఆకుపచ్చ రంగులో గోధుమరంగు తోలు సీట్లతో వచ్చిన ప్రత్యేక ఎడిషన్ అయితే నార్డి చెక్క గేరు గుబ్బ దానితో పుట్టిందే. దాన్ని తీసి అమ్మేసుకుని తర్వాత వెతుక్కున్నవాళ్లు ఉన్నారు.

వైరింగ్

స్టీరింగ్ కింద ఉన్న ప్లాస్టిక్ మూత విప్పి, టార్చి వేసుకుని వెల్లకిలా పడుకుని చూడండి. పిచ్చుక గూడులా వైర్లు కనిపిస్తే అది పాత అలారం. ఒకప్పుడు ఈ కార్లకు అలారం పెట్టించడం సర్వసాధారణం. పెట్టేవాళ్లు తాళంచెవి స్విచ్చు వైరును కోసి మధ్యలో ఒక రిలే పెడతారు, దొంగ వస్తే స్టార్ట్ కాకుండా. ముప్పై ఏళ్లకు ఆ రిలే ముసలిదవుతుంది. అప్పుడు ఓనరు బ్యాటరీ మారుస్తాడు, స్టార్టర్ మారుస్తాడు, అయినా కారు తనకు ఇష్టమైనప్పుడే స్టార్ట్ అవుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక ఎర్ర మియాటా ఎడమకు తిరిగినప్పుడల్లా ఆగిపోయేది. రెండు షాపుల్లో ఫ్యూయల్ పంపు అనుమానంతో చాలా ఖర్చు పెట్టించారు. ఇగ్నిషన్ వైరు మీద కత్తిలా దిగే టీ-ట్యాప్ క్లిప్పు ఒకటి ఉంది, ఆ క్లిప్పు విప్పి చూస్తే లోపల రాగి పోగులు పచ్చబారి ఉన్నాయి. సగానికి పైగా తెగిపోయి, మిగిలినవి వెంట్రుకల్లా వేలాడుతున్నాయి. మలుపులో కట్ట అటు ఊగితే ఆ పోగులు కాస్త ఎడమయ్యేవి, అంతే, ఇంజన్ ఆగిపోయేది.

తీసే పద్ధతి చెప్తాను. బ్యాటరీ నెగటివ్ విప్పండి. అలారం డబ్బా నుంచి మొదలుపెట్టకండి, కంపెనీ వైరు వైపు నుంచి మొదలుపెట్టండి. కోసిన ప్రతి కంపెనీ వైరుకూ రెండు కొసలు ఉంటాయి, వాటి గీతల రంగులు ఒకటే. ఫొటో తీసి, చీటీ కట్టి, ఆ రెండింటినీ టంకం వేసి గానీ మంచి క్రింపుతో గానీ కలిపి హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. టేపు ఒక్కటే చుట్టి వదిలేయకండి. ఒక వైరు కలిపాక కారు స్టార్ట్ చేసి చూసి, ఆ తర్వాతే రెండోది ముట్టుకోండి. అన్నీ కలిపాక అలారం డబ్బా దానంతట అదే అనాథ అవుతుంది, అప్పుడు తీసి పారేయండి. క్లచ్ పెడల్ దగ్గర స్విచ్చు కూడా చూడండి. క్లచ్ నొక్కకుండానే స్టార్ట్ అవుతోందంటే దాన్ని ఎవరో వైరు ముక్కతో దాటించారు. గేరులో ఉండగా స్టార్ట్ చేస్తే కారు ముందుకు దూకుతుంది.

మీ హెడ్‌లైట్ సంగతి కూడా చాలావరకు ఇక్కడిదే. లైట్లు సగం తెరుచుకుని నిద్రమత్తు కళ్లలా ఉండాలని ఒకప్పుడు మోటారు వైర్లు కోసి స్విచ్చులు పెట్టుకునేవారు. ఆ లైటు మోటారు మీద రబ్బరు మూత కింద చేత్తో తిప్పే గుబ్బ ఉంటుంది. తిప్పితే లైటు సాఫీగా లేస్తోందంటే యంత్రం బాగానే ఉంది, లోపం వైర్లలోనో రిలేలోనో ఉంది.

గాలి దారి, ఊగే ఐడిల్

మీ కారులో గాలిని కొలిచేది రెక్క ఉన్న పాతరకం మీటరు. గాలి తోసినంత మేర ఆ రెక్క తెరుచుకుంటుంది, దాన్నిబట్టి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు) పెట్రోలు పోస్తుంది. రెక్క దాటాక ఎక్కడ సందు దొరికి గాలి దూరినా అది లెక్కలోకి రాదు. లెక్కకు రాని గాలితో ఇంజన్ వేగం పెరుగుతుంది. థ్రాటిల్ (పెడల్‌తో తెరుచుకునే గాలి తలుపు) మూసి ఉండగా వేగం ఎక్కువగా ఉందేమిటని ఈసీయూ పెట్రోలు ఆపేస్తుంది. వేగం పడిపోతుంది, మళ్లీ పోస్తుంది, మళ్లీ పెరుగుతుంది. మీకు కనిపిస్తున్న ఊగుడుకు ఎక్కువసార్లు కారణం ఇదే.

కాబట్టి మీటరు నుంచి థ్రాటిల్ దాకా ఉన్న రబ్బరు గొట్టాన్ని మడతలు విప్పి చూడండి. పగుళ్లు మడత లోపలే ఉంటాయి, పైకి కనిపించవు. ఆయిల్ మూత, డిప్‌స్టిక్ గట్టిగా కూర్చున్నాయో లేదో చూడండి. ఈ ఇంజన్‌లో డిప్‌స్టిక్ వదులుగా ఉన్నా ఐడిల్ చెడుతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద స్క్రూ కొట్టి మూసిన సన్న గొట్టాలు కనిపిస్తే, ఒకప్పుడు అక్కడ బూస్ట్ మీటరు (టర్బో తోసే గాలి ఒత్తిడి చూపేది) గొట్టం ఉండేదేమోనని అనుమానించండి. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు మీటరు మీద నల్ల ప్లాస్టిక్ మూత చూడండి. కంపెనీలో దాన్ని సీలు చేసి పంపుతారు. ఆ సీలు చుట్టూ కత్తి గాట్లు ఉన్నా, కొత్త సిలికాన్ పూత ఉన్నా ఎవరో తెరిచారన్నమాట. లోపల స్ప్రింగు బిగువును పట్టే పళ్ల చక్రం ఉంటుంది. కొందరు దాన్ని కొన్ని పళ్లు తిప్పుతారు. వదులు చేస్తే రెక్క ఎక్కువ తెరుచుకుని పెట్రోలు ఎక్కువ పడుతుంది, బిగిస్తే తక్కువ పడుతుంది. అసలు స్థానానికి గుర్తు లేకపోతే దాన్ని అంచనాతో వెనక్కి తిప్పకండి. ఎవరూ తెరవని పాత మీటరు ఒకటి జంక్‌యార్డులో తెచ్చుకోవడమే మేలు. శంకు ఫిల్టర్ తీసి కంపెనీ డబ్బా పెట్టండి. ఆ శంకు ఫిల్టర్ రేడియేటర్ వెనక వేడిగాలి పీల్చుకుంటుంది, శబ్దం తప్ప లాభం ఏమీ లేదు. ఇది నా అభిప్రాయం, పోట్లాడేవాళ్లు ఉంటారని తెలుసు.

థ్రాటిల్ ఆపుడు స్క్రూను కూడా గమనించండి. ఐడిల్ సరిచేయాలని చాలామంది దాన్నే తిప్పుతారు. తిప్పితే థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు, "పెడల్ వదిలేశారు" అని చెప్పే స్విచ్చు కలవదు, ఈసీయూకు ఐడిల్ అనే సంగతే తెలియదు. ఐడిల్ సరిచేసే అసలు స్క్రూ థ్రాటిల్ బాడీ మీద రబ్బరు మూత కింద ఉంటుంది.

టైమింగ్

డయాగ్నసిస్ అని రాసి ఉన్న చిన్న డబ్బాలో టీఈఎన్, జీఎన్‌డీ పిన్నులను వైరు ముక్కతో కలిపి, టైమింగ్ లైటుతో చూడండి. కంపెనీ లెక్క టీడీసీకి (పిస్టన్ పైకొసకు చేరే స్థానానికి) ముందు 10 డిగ్రీలు, ఐడిల్ 850. ఈ కారు ఓనర్లలో ఖర్చులేని మార్పుగా పేరుపడ్డది 14 డిగ్రీలకు జరపడం. నిజంగానే కారు కాస్త చురుగ్గా కదులుతుంది, కానీ ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోయాలి, స్మాగ్ పరీక్షలో టైమింగ్ కూడా చూస్తారు. సిలిండర్ హెడ్ వెనక ఉన్న సెన్సర్ బోల్టు వదులు చేసి 10కి తెచ్చేయండి. పిన్నులు కలపకుండా కొలిస్తే ఏ అంకె వచ్చినా అది అబద్ధమే.

క్యాటలిటిక్ కన్వర్టర్, కాలిఫోర్నియా చట్టం

కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు స్మాగ్ పరీక్ష ఉంది. మీ ఊళ్లో 1999, అంతకు ముందు కార్లను రోలర్ల మీద నడిపించి పొగ కొలుస్తారు, దానితో పాటు కంటితో తనిఖీ కూడా చేస్తారు. చాలా కార్లు ఆ తనిఖీలోనే పోతాయి. పొగను ప్రభావితం చేసే బయటి పార్టు ఏదైనా సరే, దానికి కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉండాలి. మీ శంకు ఫిల్టర్ మీదా, హెడర్ (ఇంజన్ నుంచి పొగను బయటికి తెచ్చే బయటి గొట్టాలు) ఉంటే దాని మీదా స్టిక్కరో పలకో వెతకండి. లేకపోతే ఇంజన్ పొగ ఎంత శుభ్రంగా ఉన్నా పాస్ కాదు.

క్యాటలిటిక్ కన్వర్టర్ విషయంలో జాగ్రత్త. కారు ఒరెగాన్‌ది కాబట్టి, పాతది పోయి ఎవరైనా మార్చి ఉంటే మిగతా రాష్ట్రాలకు సరిపోయే రకమే వేసి ఉండొచ్చు, అది ఇక్కడ చెల్లదు. దాని రేకు మీద అచ్చు వేసిన నంబరు చూడండి. అసలు కన్వర్టరే లేకుండా ఖాళీ గొట్టం ఉంటే అది దేశంలో ఎక్కడా చట్టబద్ధం కాదు. దాని వెనక ఉన్న మోత సైలెన్సర్ మాత్రం పొగ లెక్కలోకి రాదు, తీరిగ్గా మార్చుకోవచ్చు.

ఇందాకటి బూస్ట్ సంగతి. "ఈ కారుకు టర్బో ఎప్పుడూ లేదు" అని రాసిచ్చి మరీ అమ్మిన ఒక తెల్ల మియాటా ఆయిల్ కారుతోందని నా దగ్గరికి వచ్చింది. లిఫ్టు ఎక్కించి చూస్తే ఆయిల్ పాన్‌కు ఎగ్జాస్ట్ వైపు ఒక బోల్టు, చుట్టూ ముద్దగా సిలికాన్. టర్బో నుంచి ఆయిల్ తిరిగి వచ్చే దారి అది. ఆయిల్ ప్రెషర్ సెన్సర్ దగ్గర ఇత్తడి టీ ముక్క ఇంకా మిగిలే ఉంది, దాని ఒక నోరు మూసేశారు. పెట్రోలు తిరిగి వెళ్లే గొట్టానికి మధ్యలో కోసి కలిపిన అతుకు. టర్బో వెళ్లిపోయింది, దాని పాదముద్రలు ఉండిపోయాయి. మీ కారులో ఈ మూడు చోట్లా చూడండి. ఆయిల్ పాన్ దించడం ఈ కారులో పెద్ద పని, ఇంజన్ ఎత్తాల్సి వస్తుంది. నేను ఆ తూటుకు మర కోసి, రాగి వాషరుతో సరైన ప్లగ్గు బిగించి వదిలేశాను. దాన్ని "కంపెనీలా" చేయాలని పాన్ మార్చడం వృథా.

రేడియేటర్ కింద ఉండాల్సిన నల్ల ప్లాస్టిక్ పలక కూడా ఇలాంటి పనుల్లోనే పోతుంది. అది లేకపోతే గాలి రేడియేటర్‌లోకి వెళ్లకుండా కిందినుంచి జారిపోయి హైవే మీద ఇంజన్ వేడెక్కుతుంది. కొత్త రేడియేటర్ కొనేముందు ఆ పలక ఉందో లేదో వంగి చూడండి.

స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్

అమెరికాలో అమ్మిన 1991 కారుకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉంది. చక్రం మార్చినప్పుడు అది పోయింది, హెచ్చరిక లైటు వెలగకుండా రెసిస్టర్ పెట్టి ఉండొచ్చు. తాళం తిప్పగానే ఆ లైటు అసలు వెలిగి ఆరుతోందా చూడండి. ఎప్పుడూ వెలగకపోతే బల్బే తీసేసి ఉండొచ్చు. ఇక్కడ మాత్రం సొంత ప్రయోగాలు వద్దు. ఎయిర్‌బ్యాగ్ తీగలకు మల్టీమీటర్ పెట్టి రెసిస్టెన్స్ కొలవకండి, ఆ కొద్ది కరెంటుకే పేలవచ్చు. బ్యాటరీ విప్పి కొంతసేపు ఆగి, వర్క్‌షాప్ మాన్యువల్ పక్కన పెట్టుకుని చేసే పని ఇది. ధైర్యం చాలకపోతే తెలిసినవాళ్లకు ఇవ్వండి.

సస్పెన్షన్

కారును జాకీ మీద ఎత్తి, స్ప్రింగు చేత్తో కదుపుతే తన గూట్లో కటకటలాడుతోందంటే కోసిన స్ప్రింగు. కొసన రంపం గీతలో, కాల్చిన నలుపో కనిపిస్తుంది. అలాంటిది ఒక్కరోజు కూడా ఉంచకండి. అది మాత్రం నేను చెప్పిన వరస దాటి ముందుకు రావచ్చు. పేరున్న కంపెనీ పొట్టి స్ప్రింగులైతే తొందర లేదు. మార్చేటప్పుడు కింది ఆర్మ్‌ల బుష్ బోల్టులను గాలిలో బిగించవద్దు, కారు తన బరువుతో నాలుగు చక్రాల మీద నిలిచాక బిగించాలి. లేకపోతే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. ఆ తర్వాత అలైన్‌మెంట్ తప్పదు. అసలు టైరు కొలత 185/60 ఆర్14.

డిక్కీలో బ్యాటరీ ఒకసారి చూడండి, మీరు అడగకపోయినా. ఈ కారుకు బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, ఆవిరి బయటికి పోయే గొట్టాలున్న సీల్డు రకం వేయాలి. చవకగా వస్తుందని మామూలు బ్యాటరీ పెడితే యాసిడ్ ఆవిరికి కింద రేకు తినేస్తుంది. కార్పెట్ ఎత్తి వేలితో నొక్కి చూడండి.

ఏవి వదిలేయాలి

నేనైతే 1.8 కారు నుంచి తెచ్చిన పెద్ద బ్రేకులు కనిపిస్తే ముట్టుకోను. ముందు డిస్కులు 235 మి.మీ.కు బదులు 255 ఉంటాయి, అవి మాజ్దావే. తర్వాతి టోర్సెన్ డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె) ఉన్నా అంతే. థర్మోస్టాట్‌ను ఇంజన్ వెనక్కి మార్చిన కూలెంట్ మార్పు శుభ్రంగా చేసి ఉంటే అది ఇంజన్‌కు మేలే. రోల్ బార్ ఉంటే తీసేసినా రేకులో రంధ్రాలు ఎలాగూ మిగులుతాయి, కాబట్టి దానికి మెత్తటి తొడుగు వేసి ఉంచుకోవడమే నయం.

తీసిన పార్టులు అప్పుడే అమ్మకండి, బ్రాకెట్లూ బోల్టులూ వాటితో కలిసి ఉంటాయి. కంపెనీ పార్టుల కోసం జంక్‌యార్డుల కన్నా ముందు, తమ కారును ఇప్పుడిప్పుడే మార్చుకుంటున్న కుర్రాళ్లను అడగండి. మీకు కావలసిన ఫిల్టర్ డబ్బా, స్ప్రింగులు వాళ్ల గ్యారేజీలో అడ్డంగా పడి ఉంటాయి. మాజ్దా 2017లో జపాన్‌లో ఈ తరం కార్ల పునరుద్ధరణ సేవ ప్రకటించి కొన్ని పార్టులు మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది, కాబట్టి డీలరును కూడా ఒకసారి అడిగి చూడండి.

స్మాగ్‌కు వెళ్లేముందు అధికారిక నమోదు లేకుండా చేసే ప్రీ-టెస్ట్ చేయించుకోండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలా హైవే మీద తిప్పి తీసుకెళ్లండి.

ఒక్క సంగతి మాత్రం వెంటనే చూసి ఇక్కడ రాయండి. ఇంజన్ ముందు క్రాంక్ పుల్లీ మధ్యలో గాట్లు నాలుగు ఉన్నాయా, ఎనిమిది ఉన్నాయా? 1991లో రెండు రకాలూ వచ్చాయి. నాలుగైతే పొట్టి ముక్కు క్రాంక్, టైమింగ్ బెల్టు మార్చినవాళ్లు ఆ బోల్టు సరిగా బిగించకపోతే కీ గాడి అరిగిపోతుంది. పుల్లీ ఏ కాస్త ఊగుతున్నా పైన చెప్పినవేవీ మొదలుపెట్టకండి. దాని ఫొటో, గాలి మీటరు మూత ఫొటో పెడితే మిగతాది చెప్తాను.